ఋతువు మొదలయ్యే తేదీ ఊరికొక రకంగా ఎందుకు మారుతుంది? (2026 గోడ క్యాలెండరు పని మీద వచ్చిన సందేహం)

గవర్నర్‌పేట_ప్రూఫులు
23 అక్టోబరు 2025, రాత్రి 9.20

సభ్యులందరికీ నమస్కారం. నేను విజయవాడ గవర్నర్‌పేటలో ఒక చిన్న అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దుతుంటాను. దీపావళి దాటి కార్తీకం వచ్చిందంటే మాకు గోడ క్యాలెండర్ల పని ముంచుకొస్తుంది. కొన్నేళ్లుగా మేము ఒకే క్యాలెండరును మూడు ప్రతులుగా వేస్తున్నాము. ఒకటి ఇక్కడివారికి, ఒకటి అమెరికాలో డాలస్ పరిసరాల్లోని తెలుగువారికి, మూడవది ఆస్ట్రేలియాలో మెల్‌బోర్న్ వారికి. తిథులు, పండుగలు లెక్కకట్టి ఇచ్చే సిద్ధాంతిగారు వేరే ఉన్నారు కనుక ఆ భారం నాది కాదు. తేదీ గడుల కింద సన్న అక్షరాలతో వచ్చే సమాచారం మాత్రం నేను చూడవలసినదే.

2025 క్యాలెండరులో మూడు ప్రతులకూ సెప్టెంబరు 22 గడిలో "శరదృతువు ఆరంభం, పగలూ రాత్రీ సమానం" అని వేశాము. ఇక్కడ ఎవరూ పట్టించుకోలేదు. మెల్‌బోర్న్ నుంచి మాత్రం ఒక పెద్దమనిషి ఉత్తరం రాశారు. వారి ఊళ్లో అది 23వ తేదీన వచ్చిందట. అక్కడ అది శరత్తు కాదు, వసంతమట. పైగా ఆ దేశపు లెక్కలో వసంతం సెప్టెంబరు 1నే మొదలైపోయిందట. ఒక్క పంక్తిలో మూడు తప్పులు దొర్లినందుకు మా యజమాని నన్నేమీ అనలేదు గాని, ఆ రోజు నాకు అన్నం సయించలేదు.

2026 క్యాలెండరుకు ప్లేట్లు వేయడానికి ఇంకా పది రోజుల వ్యవధి ఉంది. కాలమండలం (టైమ్ జోన్) మారితే ఋతువే మారుతుందా, తేదీ మాత్రమే మారుతుందా? అర్ధగోళం మారితే ఏది తిరగబడుతుంది, ఏది తిరగబడదు? తెలిసినవారు విడమరచి చెప్పగలరని ప్రార్థన.

బ్రాడీపేట_భూగోళం
23 అక్టోబరు 2025, రాత్రి 10.05

నేను గుంటూరులో ముప్పై ఏళ్లకు పైగా భూగోళం, గణితం చెప్పి విశ్రాంతి తీసుకుంటున్నవాడిని. మీరు ఒక మూటలో కట్టి తెచ్చినవి నిజానికి రెండు వేర్వేరు సంగతులు. వాటిని విడదీస్తే చిక్కు చాలావరకు వీడిపోతుంది.

సూర్యుడు ఖగోళ విషువద్రేఖను, అంటే భూమధ్యరేఖకు నేరుగా పైన ఆకాశంలో ఊహించుకునే గీతను, దాటడం ఒక క్షణం. దాన్నే విషువత్తు అంటాము. అది భూమి మొత్తానికీ ఒక్కటే. బెజవాడకు ఒకటి, డాలస్‌కు మరొకటి అని ఉండదు. ఆ క్షణంలో మన గోడ మీది గడియారం ఎంత చూపిస్తోంది, ఆ గడియారం ప్రకారం అర్ధరాత్రి దాటిందా లేదా అన్నది మాత్రమే ఊరిని బట్టి మారుతుంది. మీకు చీవాట్లు తెచ్చిపెట్టిన సెప్టెంబరు విషువత్తునే తీసుకోండి. అది గ్రీనిచ్ కాలమానం ప్రకారం 22వ తేదీ సాయంత్రం 6 గంటల 19 నిమిషాలకు సంభవించింది. మన గడియారం అయిదున్నర గంటలు ముందు కనుక ఇక్కడ అది రాత్రి 11.49, అంటే ఇంకా 22వ తేదీయే. డాలస్‌లో అదే రోజు మధ్యాహ్నం 1.19. మెల్‌బోర్న్‌లో 23వ తేదీ తెల్లవారుజామున 4.19. అన్నిటికన్నా ముచ్చటైనది నేపాల్ సంగతి. వారి గడియారం మనకన్నా కేవలం పావుగంట ముందుంటుంది. ఆ పావుగంట చాలింది, కాఠ్‌మాండులో అది 23వ తేదీ, అర్ధరాత్రి దాటి నాలుగు నిమిషాలు. సరిహద్దుకు ఇవతల నిలబడినవాడికీ అవతల నిలబడినవాడికీ సూర్యుడు ఒకచోటే ఉన్నాడు, తేదీ మాత్రం మారిపోయింది.

కనుక మొదటి ప్రశ్నకు జవాబు ఇది: కాలమండలం ఋతువును కదపలేదు, తేదీ గడిని మాత్రమే కదుపుతుంది.

ఒక చిన్న ప్రక్కదారి. మన గడియారానికి ఆధారమైన 82½ డిగ్రీల తూర్పు రేఖాంశం కాకినాడ సమీపంగా పోతుంది. విజయవాడ దానికి దాదాపు రెండు డిగ్రీలు పడమర కనుక మన సూర్యుడు సగటున గడియారం కన్నా ఏడెనిమిది నిమిషాలు వెనకబడి ఉంటాడు. 1906 జనవరి 1న భారత ప్రామాణిక కాలం రాకముందు రైళ్లు మద్రాసు కాలం మీద నడిచేవి. అది గ్రీనిచ్‌కు 5 గంటల 21 నిమిషాల 14 సెకన్లు ముందు. మద్రాసు, బెజవాడ దాదాపు ఒకే రేఖాంశం మీద ఉన్నందువల్ల ఆనాటి స్టేషను గడియారానికీ బెజవాడ సూర్యుడికీ సగటు తేడా నిమిషంన్నర మించలేదు. గడియారాలు మనుషులు పెట్టుకున్న ఒప్పందాలని చెప్పడానికే ఈ ముచ్చట.

మీ పంక్తిలో మూడు కాదు, నాలుగు తప్పులున్నాయని కూడా చెప్పక తప్పదు. విషువత్తు నాడు పగలూ రాత్రీ సరిగ్గా సమానం కావు. సూర్యబింబపు పై అంచు కనిపించగానే ఉదయమని లెక్కిస్తాము, వాతావరణం కాంతిని వంచి బింబాన్ని కాస్త పైకెత్తి చూపిస్తుంది. అందువల్ల ఆ రోజు విజయవాడలో పగలు ఏడు నిమిషాలు ఎక్కువే ఉంటుంది. మనకు నిజమైన సమానం మార్చిలో విషువత్తుకు సుమారు వారం ముందు, సెప్టెంబరులో సుమారు వారం తరువాత వస్తుంది.

పటమట_సందేహం
23 అక్టోబరు 2025, రాత్రి 10.40

మాస్టారికి నమస్కారం. క్షణం ఒక్కటే అన్నారు, బాగుంది. అయితే ఆ ఒక్క క్షణంలో ఇక్కడ శరత్తు, అక్కడ వసంతం ఎలా మొదలవుతాయి? చిన్నప్పుడు నాకు ఎవరో చెప్పినది భూమి సూర్యుడికి దగ్గరైతే ఎండాకాలం, దూరమైతే చలికాలం అని. అది నిజమైతే భూమి అంతటా ఒకేసారి ఎండాకాలం రావాలి కదా. ఇంకొక సంగతి. ఏటా జూన్ 21న "నేటి నుంచి వేసవి ఆరంభం" అని ఫోనులో కనిపిస్తుంది. మే నెలలో రెంటచింతల ఎండను చూసిన గుంటూరు జిల్లావాడు ఆ మాట చదివితే నవ్వాలో ఏడవాలో తెలియదు.

బ్రాడీపేట_భూగోళం
24 అక్టోబరు 2025, ఉదయం 6.30

దూరం మాట పూర్తిగా తప్పు. మీరు చెప్పిన తర్కమే దాన్ని కొట్టివేస్తుంది. భూమి సూర్యుడికి అతి దగ్గరగా, సుమారు 14 కోట్ల 71 లక్షల కిలోమీటర్ల దూరానికి వచ్చేది జనవరి మొదటి వారంలో, అంటే మనం దుప్పటి కప్పుకునే రోజుల్లో. అతి దూరంగా, 15 కోట్ల 21 లక్షల కిలోమీటర్లకు పోయేది జూలై మొదట్లో.

ఋతువులకు కారణం భూమి అక్షం సుమారు 23.4 డిగ్రీలు ఒరిగి ఉండటం, ఏడాది పొడవునా అటే ఒరిగి ఉండటం. జూన్‌లో ఉత్తరార్ధం సూర్యుడి వైపు మొగ్గుతుంది కనుక ఎండ నిటారుగా పడుతుంది, పగలు పొడవవుతుంది. అదే సమయానికి దక్షిణార్ధంలో ఎండ ఏటవాలుగా పడుతుంది, పగలు కురచవుతుంది. డిసెంబరులో ఇది తారుమారు. కాబట్టి అర్ధగోళం మారితే క్షణం మారదు, తేదీ కూడా దానివల్ల మారదు. ఆ క్షణానికి మనం పెట్టే పేరు మాత్రం తిరగబడుతుంది.

దూరం వల్ల జరిగేది ఒకటుంది, అది ఋతువు నిడివి. సూర్యుడికి దగ్గరగా ఉన్నప్పుడు భూమి కక్ష్యలో వేగంగా పోతుంది. అందువల్ల డిసెంబరు నుంచి మార్చి వరకు గల భాగం సుమారు 89 రోజుల్లో అయిపోతుంది. జూన్ నుంచి సెప్టెంబరు వరకు గల భాగానికి 93 రోజులకు పైగా పడుతుంది. ఆ లెక్కన ఆస్ట్రేలియా వారి వేసవి మన అర్ధగోళపు వేసవి కన్నా నాలుగైదు రోజులు చిన్నది.

ఇక రెంటచింతల. జూన్ 21 నుంచి వేసవి అన్నది అమెరికా వంటి దేశాల వాడుక. అక్కడ నేల, సముద్రం వేడెక్కడానికి సమయం పడుతుంది కనుక అయనాంతం (సూర్యుడు ఉత్తరపు కొసకు చేరి వెనక్కి మళ్లే రోజు) తరువాత నెలరోజులకు గాని ఎండలు పతాకస్థాయికి చేరవు. మన సంగతి వేరు. విజయవాడ 16½ డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది, అంటే కర్కటరేఖకు దక్షిణాన. కనుక సూర్యుడు మన నడినెత్తికి ఏటా రెండుసార్లు వస్తాడు, ఉత్తరానికి పోతూ మే మొదటి వారంలో ఒకసారి, తిరిగి వస్తూ ఆగస్టు మొదటి వారంలో ఒకసారి. ఆ మధ్యాహ్నాల్లో నిలువుగా పాతిన కర్రకు నీడ ఉండదు. నేను పిల్లలను బడి ఆవరణలో నిలబెట్టి చూపించేవాడిని, మేలో సెలవులు కనుక ఆగస్టులోనే, అదీ మబ్బు పట్టకపోతేనే. అదే ఎత్తున ఉన్న సూర్యుడు మేలో కాల్చి ఆగస్టులో కాల్చకపోవడానికి కారణం ఆ మబ్బే. మన వేసవిని ముగించేది అయనాంతం కాదు, నైరుతి రుతుపవనం.

తుళ్లూరు_సేద్యం
24 అక్టోబరు 2025, మధ్యాహ్నం 1.15

మాస్టారు చెప్పిన చివరి మాట రైతుకు తెలిసినదే. మేము జూన్ 21 చూసి నాగలి కట్టము, కార్తె చూసి కడతాము. సూర్యుడు ఒక్కొక్క నక్షత్రంలో ఉండే పదమూడు, పద్నాలుగు రోజులే కార్తె. ఏడాదికి ఇరవై ఏడు కార్తెలు. మే 25 ప్రాంతంలో రోహిణి, జూన్ 8 ప్రాంతంలో మృగశిర, జూన్ 22 ప్రాంతంలో ఆరుద్ర వస్తాయి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని పెద్దలు ఊరికే అనలేదు, మృగశిరకు వాన చినుకు కోసం ఆకాశం వైపు చూడటమూ మాకు అలవాటే.

చాంద్రమాసాలు ఏటా ముందుకూ వెనక్కూ జరుగుతుంటాయి గాని కార్తె జరగదు, ఒకటి రెండు రోజుల తేడాలో అదే ఇంగ్లీషు తేదీకి వస్తుంది. అందుకే సేద్యానికి మాసం కన్నా కార్తె నమ్మకం. అయితే వానకు కార్తె కూడా లెక్కలేదు. ఈ ఏడాది కేరళకు రుతుపవనం మే 24నే వచ్చేసింది, రోహిణి ఇంకా మొదలు కాకముందే.

నా మాట ఏమంటే, ప్రూఫులు చూసే అన్నగారు బెజవాడ ప్రతిలో "వేసవి ఆరంభం" అని జూన్‌లో వేస్తే ఆ క్యాలెండరును మా ఊళ్లో గోడకు కొట్టరు.

పటమట_సందేహం
24 అక్టోబరు 2025, మధ్యాహ్నం 2.00

ఆ మాటకొస్తే మన వాతావరణ శాఖ లెక్క కూడా వేరే. జనవరి, ఫిబ్రవరి చలికాలం. మార్చి నుంచి మే వరకు ఎండాకాలం. జూన్ నుంచి సెప్టెంబరు వరకు నైరుతి రుతుపవన కాలం. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు రుతుపవనానంతర కాలం. నాలుగు కాలాలకు మూడు నిడివులు. కేరళకు రుతుపవనం రావడానికి జూన్ 1 మామూలు తేదీ అంటారు గాని, ప్రకటించేటప్పుడు తేదీ చూడరు. మే 10 తరువాత నిర్ణీతమైన 14 కేంద్రాల్లో 60 శాతం చోట్ల వరుసగా రెండు రోజులు 2.5 మిల్లీమీటర్లు, ఆపైన వాన పడిందా, గాలి సరైన దిక్కు నుంచి సరైన వేగంతో వీస్తోందా అని చూస్తారు. ఋతువు వచ్చిందో లేదో వాననే అడిగి తెలుసుకునే పద్ధతి ఇది. నాకు ఇదే అన్నిటికన్నా నిజాయితీగా కనిపిస్తుంది.

యర్రా_ఒడ్డున_కృష్ణమ్మ
25 అక్టోబరు 2025, తెల్లవారుజామున 4.10

అందరికీ నమస్కారం. నేను విజయవాడ సత్యనారాయణపురంలో పుట్టి పెరిగి, పన్నెండేళ్లుగా మెల్‌బోర్న్‌లో ఉంటున్నాను. ఇక్కడ తెల్లవారి చాలాసేపైంది, మీ వేదిక గడియారం నన్ను నిశాచరిగా చూపిస్తోంది.

ఆ ఉత్తరం రాసిన పెద్దమనిషి చెప్పినది నిజమే. ఇక్కడ వాడుకలో వసంతం సెప్టెంబరు 1న, వేసవి డిసెంబరు 1న, ఆకురాలు కాలం మార్చి 1న, చలికాలం జూన్ 1న మొదలవుతాయి. బడిలోనూ వార్తల్లోనూ ఇదే లెక్క. ఇందులో ఒక తమాషా ఉంది. మాస్టారు చెప్పిన విషువత్తుకు క్షణం ఒక్కటే, తేదీలు రెండు. ఈ నెల మొదటి తేదీ లెక్కకు తేదీ ఒక్కటే, క్షణాలు అనేకం. ఎవరి అర్ధరాత్రి వారిది కనుక ఇదే దేశంలో తూర్పు తీరాన వేసవి మొదలైన రెండు మూడు గంటలకు గాని పడమటి తీరాన మొదలు కాదు. కాలమండలం నిజంగా ఋతువు ఆరంభాన్ని మార్చేది ఈ పద్ధతిలోనే.

అయితే నాలుగు ఋతువులన్నది బయటినుంచి వచ్చినవారు తెచ్చిన లెక్క. పశ్చిమ ఆస్ట్రేలియాలో, పెర్త్ ప్రాంతపు ఆదివాసులైన నూంగార్ ప్రజలకు మనలాగే ఆరు ఋతువులున్నాయి. బిరాక్, బునురు, జెరాన్, మకురు, జిల్బా, కంబరంగ్ అని వాటి పేర్లు. సుమారుగా రెండేసి నెలలు. డిసెంబరు, జనవరి బిరాక్. అక్కడ వాన ఆగి ఎండ ముదిరే కాలం. ఆ పేర్లు మొదటిసారి విన్నప్పుడు నాకు చిన్నప్పుడు వల్లించిన వసంతం, గ్రీష్మం, వర్షం, శరత్తు, హేమంతం, శిశిరం గుర్తుకు వచ్చాయి.

మాకు అసలు ఇబ్బంది పండుగల దగ్గర వస్తుంది. భోగి నాటికి ఇక్కడ నడి వేసవి. ఎండ నలభై డిగ్రీలు దాటే రోజులుంటాయి, అటువంటి రోజున కార్చిచ్చు భయంతో రాష్ట్రమంతటా ఆరుబయట నిప్పు ముట్టించకూడదని నిషేధం ప్రకటిస్తారు. చలిమంట వేసుకోవలసిన పండుగ నాడు అగ్గిపుల్ల గీయడానికి వీల్లేని ఊళ్లో ఉండి, పిల్లలకు భోగి మంట అర్థాన్ని ఎలా చెప్పాలి? ఉగాది పూజలో "వసంత ఋతౌ" అని సంకల్పం చెప్పుకుంటాము, కిటికీ అవతల మేపుల్ ఆకులు ఎర్రబడుతుంటాయి. సంకల్పంలో దేశం పేరు, ఊరి పేరు మార్చి చెప్పుకుంటున్నాము కదా, ఋతువు పేరు మార్చవచ్చునా? పంచాంగం తెలిసినవారు చెప్పగలరు.

అరండల్‌పేట_తిథివారాలు
25 అక్టోబరు 2025, ఉదయం 8.45

అమ్మా, మీ ప్రశ్న చాలా మంచిది. దీనిమీద పెద్దల్లో ఏకాభిప్రాయం ఉన్నదని చెప్పలేను, నా అభిప్రాయం మాత్రం చెబుతాను.

మన పంచాంగంలో ఋతువు అంటే బయటి వాతావరణ సూచన కాదు, మాసాల జంటకు పెట్టిన పేరు. చైత్ర వైశాఖాలు వసంతం, జ్యేష్ఠ ఆషాఢాలు గ్రీష్మం, శ్రావణ భాద్రపదాలు వర్షం, ఆశ్వయుజ కార్తీకాలు శరత్తు, మార్గశిర పుష్యాలు హేమంతం, మాఘ ఫాల్గుణాలు శిశిరం. ఆ మాసాలు సూర్యచంద్రుల స్థితిని బట్టి ఏర్పడతాయి. సూర్యచంద్రుల స్థితి మెల్‌బోర్న్‌కూ గుంటూరుకూ ఒక్కటే కనుక మాసమూ ఒక్కటే. మాసం ఒక్కటైనప్పుడు దానికి కట్టుబడి ఉన్న ఋతునామమూ ఒక్కటే కావాలి. "శరదృతౌ చైత్రమాసే" అంటే సంకల్పంలో రెండు మాటలు ఒకదానినొకటి కొట్టుకుంటాయి. ఋతువు పేరు పుట్టినది భరతఖండపు పూలను, వానలను చూసే అన్నది నేను కాదనను. ఇంటిపేరు చూడండి. ఆ ఊరు వదిలి నాలుగు తరాలైనా ఊరి పేరే ఇంటిపేరుగా నిలిచి ఉంటుంది.

ఇక కాలమండలం మన లెక్కలో మరో ద్వారం గుండా ప్రవేశిస్తుంది. తిథి మొదలయ్యే క్షణం, ముగిసే క్షణం ప్రపంచమంతటా ఒక్కటే. కాని ఆ రోజుకు ఏ తిథి అన్నది చాలావరకు ఆ ఊరి సూర్యోదయం నాటి తిథిని బట్టి నిర్ణయిస్తాము. డాలస్ సూర్యోదయం మన సూర్యోదయానికి దాదాపు సగం రోజు తరువాత వస్తుంది కనుక అక్కడ ఒక్కొక్కసారి పండుగ మరో తేదీన పడుతుంది. ఇంగ్లీషువారి రోజు అర్ధరాత్రికి మారుతుంది, మన రోజు తెల్లవారితే మారుతుంది. అచ్చాఫీసువారు సిద్ధాంతిగారి తిథులనూ మాస్టారి విషువత్తులనూ ఒకే గడిలో వేసేటప్పుడు ఈ భేదం మరచిపోకూడదు.

2026లో మరొక విశేషం ఉంది. ఆ ఏడాది అధిక జ్యేష్ఠం వస్తుంది, మే 17 నుంచి జూన్ 15 వరకు. ఆ చాంద్రమాసంలో సూర్యుడు రాశి మారడు కనుక అది అధికం. దానివల్ల గ్రీష్మ ఋతువుకు మూడు మాసాలు. ఆగస్టు 12 అమావాస్య వరకు పంచాంగం గ్రీష్మమే అంటుంది, అప్పటికి కృష్ణలో వరద నీరు వచ్చి పోయినా ఆశ్చర్యం లేదు. 2026 ఉగాది మార్చి 19. మాస్టారి విషువత్తు మార్చి 20. జాతీయ క్యాలెండరు ప్రకారం చైత్రం ఒకటవ తేదీ మార్చి 22. ఒక్క వారంలో మూడు ఆరంభాలు. 2024లో ఉగాది ఏప్రిల్ 9న వచ్చింది, అప్పుడు ఇవి ఇంత దగ్గరగా లేవు.

పటమట_సందేహం
25 అక్టోబరు 2025, ఉదయం 9.30

పంతులుగారు ఇంటిపేరు పోలిక చెప్పి తప్పించుకున్నారని అనిపిస్తోంది. పేరుకూ వస్తువుకూ సంబంధం లేదంటే ఉత్తరాయణం మాటేమిటి? సూర్యుడు ఉత్తరానికి మళ్లేది డిసెంబరు 21, 22 తేదీల్లో. మనం ఉత్తరాయణ పుణ్యకాలమని చెప్పుకునేది జనవరి 14, 15 తేదీల్లో. ఇది అర్ధగోళం వల్ల వచ్చినదా, కాలమండలం వల్ల వచ్చినదా? ఏదీ కాదు. మూడు వారాలకు పైగా తేడా ఎందుకు?

బ్రాడీపేట_భూగోళం
25 అక్టోబరు 2025, ఉదయం 11.10

కోపం వద్దు. ఈ తేడా తప్పు వల్ల వచ్చినది కాదు, రెండు కొలబద్దల వల్ల వచ్చినది. మకర సంక్రమణాన్ని మనం నక్షత్రాలను ఆధారం చేసుకుని లెక్కిస్తాము. ఋతువులు విషువత్తును ఆధారం చేసుకుని నడుస్తాయి. భూమి అక్షం బొంగరంలా మెల్లగా తిరుగుతూ ఒక చుట్టుకు సుమారు 26,000 ఏళ్లు తీసుకుంటుంది. అందువల్ల విషువద్బిందువు నక్షత్రాల మధ్య సుమారు 72 ఏళ్లకు ఒక డిగ్రీ చొప్పున వెనక్కి జరుగుతుంది. ఆ జరుగుడు ఇప్పటికి 24 డిగ్రీలు దాటింది, దాన్నే అయనాంశ అంటారు. సుమారు 1,700 ఏళ్ల కిందట రెండు ఉత్తరాయణాలూ ఒకే రోజు. భౌతిక శాస్త్రవేత్త మేఘనాద్ సాహా అధ్యక్షతన ఏర్పడిన క్యాలెండరు సంస్కరణ సంఘం ఈ సంగతిని పరిశీలించిన తరువాతే, 1957 మార్చి 22న జాతీయ క్యాలెండరు విషువత్తుకు ముడిపడి అమలులోకి వచ్చింది. పండుగలను మాత్రం నక్షత్రమానంలోనే ఉంచారు. సేద్యంవారు ఆరుద్ర జూన్ 22 అన్నారు కదా, అయనాంతానికి అది ఆనుకుని ఉండటం ఈ కాలపు యాదృచ్ఛికమే. ముందుముందు కార్తెలు కూడా ఎండావానల నుంచి జరిగిపోతాయి, అయితే 72 ఏళ్లకు ఒక్క రోజు చొప్పున కనుక మన మనుమలకు కూడా ఇబ్బంది లేదు.

సంక్రాంతిని వెనకేసుకువచ్చే మాట ఒకటి చెబుతాను. విజయవాడలో సూర్యుడు అతి ఆలస్యంగా ఉదయించేది డిసెంబరు 22న కాదు, జనవరి మధ్య దాటాక. అతి తొందరగా అస్తమించేది కూడా ఆ రోజున కాదు, నవంబరు చివర్లోనే. సూర్యుడి మధ్యాహ్నం గడియారపు మధ్యాహ్నానికి ముందూ వెనకా జరగడం దీనికి కారణం. తెల్లవారుజామున లేచి పనికి పోయేవాడికి పొద్దు తొందరగా పొడవడం సంక్రాంతి వెళ్లాకనే తెలిసివస్తుంది.

ఇక అసలు విషయానికి వస్తాను. రాత్రి ఈ చర్చంతా చదువుతుంటే ఒకటి తోచింది. "వసంత విషువత్తు" అన్న మాట మెల్‌బోర్న్‌లో అబద్ధం. "వేసవి ఆరంభం" అన్న మాట జూన్‌లో తుళ్లూరులోనూ అబద్ధమే. కాని "సూర్యుడు ఉత్తరానికి మళ్లుట" అన్న మాట బెజవాడలోనూ డాలస్‌లోనూ మెల్‌బోర్న్‌లోనూ నిజం. ఉత్తరాయణం, దక్షిణాయనం అన్న మన మాటలు వాతావరణం పేరు మీద పుట్టలేదు, సూర్యుడి నడక మీద పుట్టాయి. కనుక గడిలో ఋతువు పేరు వేయకండి, సూర్యుడు చేసిన పని వేయండి. మూడు ప్రతులకూ ఒకే పంక్తి సరిపోతుంది, తేదీ, సమయం మాత్రం ఆయా ఊరివి వేయాలి.

అరండల్‌పేట_తిథివారాలు
25 అక్టోబరు 2025, మధ్యాహ్నం 12.00

ఇది నాకు సమ్మతమే. డిసెంబరు గడిలో "ఉత్తరాయణం" అన్న ఒక్క మాట వేస్తే మాత్రం సంక్రాంతి గడితో తగవు వస్తుంది కనుక మాస్టారు చెప్పినట్లు విడదీసి, "సూర్యుడు ఉత్తరానికి మళ్లుట" అనే వేయడం మంచిది.

గవర్నర్‌పేట_ప్రూఫులు
26 అక్టోబరు 2025, రాత్రి 8.30

అందరికీ కృతజ్ఞతలు. ఆదివారం కదా అని కూర్చుని 2026కు లెక్క కట్టాను. గ్రీనిచ్ సమయాలు మాస్టారు ఫోనులో చెప్పారు.

బెజవాడ ప్రతికి: మార్చి 20 రాత్రి 8.16, జూన్ 21 మధ్యాహ్నం 1.54, సెప్టెంబరు 23 తెల్లవారుజామున 5.35, డిసెంబరు 22 రాత్రి 2.20.

డాలస్ ప్రతికి: మార్చి 20 ఉదయం 8.46, జూన్ 21 రాత్రి 2.24, సెప్టెంబరు 22 సాయంత్రం 6.05, డిసెంబరు 21 మధ్యాహ్నం 2.50.

మెల్‌బోర్న్ ప్రతికి: మార్చి 21 అర్ధరాత్రి దాటి 12.46, జూన్ 21 సాయంత్రం 6.24, సెప్టెంబరు 23 ఉదయం 10.05, డిసెంబరు 22 ఉదయం 6.50.

జూన్‌లో మూడు ఊళ్లకూ ఒకే తేదీ, మిగిలిన మూడు సార్లూ ఎవరో ఒకరు విడిపోయారు. దయచేసి సరిచూడగలరు.

యర్రా_ఒడ్డున_కృష్ణమ్మ
27 అక్టోబరు 2025, తెల్లవారుజామున 3.25

అన్నగారూ, తేదీలన్నీ సరిగ్గా ఉన్నాయి. సమయాల్లో మాత్రం గంట జరపడాన్ని మరచిపోయారు. ఇక్కడ వేసవి కోసం గడియారాలను ఒక గంట ముందుకు జరుపుతారు, 2026లో ఏప్రిల్ 5న వెనక్కి తెచ్చి, తిరిగి అక్టోబరు 4న ముందుకు జరుపుతారు. కాబట్టి మాకు మార్చి 21 రాత్రి 1.46, డిసెంబరు 22 ఉదయం 7.50 అని ఉండాలి. జూన్, సెప్టెంబరు సరైనవే. డాలస్ వారు కూడా జరుపుతారు, కాని వారి వేసవి మాకు తిరగబడి ఉంటుంది కనుక వారికి డిసెంబరు ఒక్కటే సరైనది, మిగిలిన మూడింటికీ గంట కలపాలి. అర్ధగోళం తేదీని మార్చదని మాస్టారు అన్నారు గాని, గడియారాన్ని మాత్రం ఇలా దొడ్డిదారిన మార్చింది.

మరొకటి. మీ మెల్‌బోర్న్ ప్రతిని పెర్త్‌లోని మా బంధువులు కూడా తెప్పించుకుంటారు. వారి గడియారం గ్రీనిచ్‌కు ఎనిమిది గంటలే ముందు, వారు గంట జరపరు. మార్చి విషువత్తు వారికి 20వ తేదీ రాత్రి 10.46కు వస్తుంది. ఒకే దేశంలో రెండు తేదీలు.

పటమట_సందేహం
27 అక్టోబరు 2025, ఉదయం 7.15

తేదీలు రెండే అని సంతోషించండి. పసిఫిక్‌లో కిరిబాటి దీవుల్లో కొన్ని గ్రీనిచ్‌కు 14 గంటలు ముందు, అమెరికన్ సమోవా 11 గంటలు వెనక. గ్రీనిచ్‌లో ఉదయం 10 నుంచి 11 లోపు ఎప్పుడైనా విషువత్తు వస్తే భూమి మీద ఒకే క్షణానికి మూడు తేదీలుంటాయి. అచ్చాఫీసువారు ఆ దీవులకు క్యాలెండర్లు వేయనందుకు అదృష్టవంతులు.

గవర్నర్‌పేట_ప్రూఫులు
27 అక్టోబరు 2025, రాత్రి 9.45

అమ్మగారు చెప్పిన సవరణలు వేశాను. డాలస్ ప్రతికి మార్చి 20 ఉదయం 9.46, జూన్ 21 తెల్లవారుజామున 3.24, సెప్టెంబరు 22 రాత్రి 7.05 అయ్యాయి. మెల్‌బోర్న్ ప్రతిలో మార్చి 21 గడి కింద "పెర్త్‌లో 20 రాత్రి 10.46" అని చేర్చాను. ఆ ప్రతిలో మాత్రం మార్చి 1, జూన్ 1, సెప్టెంబరు 1, డిసెంబరు 1 గడుల్లో ఆ దేశపు ఋతువుల పేర్లు విడిగా వేస్తున్నాము. "పగలూ రాత్రీ సమానం" అన్న మాట మూడు ప్రతుల్లోనూ తీసేశాను. జూన్ గడిలో "సూర్యుడు దక్షిణానికి మళ్లుట" ఎలాగో పట్టింది గాని, డిసెంబరు 22 గడిలో ఒక తిథి, ఒక వర్జ్యం, ఒక నక్షత్రం ముందే ఉన్నందున "సూర్యుడు ఉత్తరానికి మళ్లుట" ఒక పంక్తిలో పట్టలేదు. అక్షరం ఇంకా తగ్గిస్తే మా ముసలివారు చదవలేరు కనుక దాన్ని రెండు పంక్తులు చేసి, వర్జ్యాన్ని పక్కకు జరిపాను. సిద్ధాంతిగారు ఒప్పుకున్నారు. ప్లేట్లు వచ్చే సోమవారం.